నివురు గప్పిన ముప్పు
ఆరిందనుకున్న నిప్పుతోనే అసలు ప్రమాదం.. కార్తీకంలో కుప్పలు, వాములు, వనభోజనాల వద్ద అప్రమత్తత అవసరం

బాపట్ల: కార్తీకం వచ్చిందంటే పల్లెల్లో నిప్పుతో పని పెరుగుతుంది. తెల్లవారుజామున శివాలయాల్లో దీపాలు, ఆదివారాల్లో ఉసిరిచెట్ల నీడన వనభోజనాలు, పౌర్ణమినాడు జ్వాలాతోరణం, వేకువన వీధి మొగల్లో చలిమంటలు, పొద్దుపోయాక వరికుప్పల వద్ద కాపలాదారుల నెగళ్లు.. శరదృతువు చివరి రోజుల్లో ఏదో ఒక రూపంలో ఆరుబయట నిప్పు రగులుతూనే ఉంటుంది. సరిగ్గా ఇదే సమయంలో కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి కోతకు వస్తుంది. కోసిన పనలు చేలల్లో ఆరుతుంటాయి. కుప్పలు లేస్తాయి. పశువుల కోసం గడ్డివాములు పడతాయి. నిప్పు, ఎండుగడ్డి ఒకే ఊరిలో ఒకే నెలలో పక్కపక్కన చేరే కాలమిది.

మంట ఎగసేటప్పుడు అందరి కళ్లూ దానిమీదే ఉంటాయి. పిల్లలను దూరంగా లాగుతారు, గాలి మళ్లితే పక్కకు జరుగుతారు. ప్రమాదం చాలాసార్లు ఆ తరువాత వస్తుంది. మంట తగ్గి, బూడిద తెల్లబడి, ‘ఇక ఆరిపోయింది’ అనుకుని మనుషులు లేచి వెళ్లిపోయాక వస్తుంది. నివురు గప్పిన నిప్పు అన్న మాట తెలుగువారికి కొత్త కాదు. మనుషుల కోపాల గురించి చెప్పటానికి ఆ మాటను వాడినంతగా, నిప్పు విషయంలోనే దాన్ని గుర్తుంచుకోకపోవటం విచిత్రం.

మంచును చూసి మోసపోవద్దు

తుపాను గాలులు, వానలు లేని రోజుల్లో కార్తీకపు ఉదయం ప్రశాంతంగా ఉంటుంది. రాత్రంతా కురిసిన మంచుతో గడ్డి తడిసి, చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. ఇంత తడిలో నిప్పు ఏం చేస్తుందిలే అన్న ధీమా అక్కడే పుడుతుంది. ఆ తడి పైపొరకే పరిమితం. వాములో జానెడు లోతుకు చెయ్యి పోనిస్తే గడ్డి పొడిగానే ఉంటుంది. పైన ఉన్న తడి కూడా ఎండెక్కేసరికి ఆరిపోతుంది. వరిగడ్డి పరక సన్నగా, బోలుగా ఉంటుంది గనుక ఎంత త్వరగా తడుస్తుందో అంత త్వరగా ఆరుతుంది, అంతకన్నా త్వరగా అంటుకుంటుంది.

ఉదయం ఆరు గంటలకు గాలి స్తంభించి ఉంటుంది. చలిమంట పొగ నిట్టనిలువుగా లేస్తుంది. ఏడున్నరకు ఎవరి పనులకు వారు వెళ్తారు. మంట వేసిన చోట గుప్పెడు బూడిద మిగులుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి లేస్తుంది. పై బూడిదను గాలి ఊదేస్తే అడుగున దాగిన నిప్పుకణిక బయటపడుతుంది. దానికి గాలి తగిలి మళ్లీ ఎర్రబడుతుంది. అక్కడి నుంచి లేచిన రవ్వకు పక్కనే ఉన్న గడ్డిపరక చాలు. ఆ వేళకు వీధిలో ముసలివారు, చిన్నపిల్లలు తప్ప ఎవరూ ఉండరు. పగటిపూట పూరిళ్లు, వాములు తగలబడినప్పుడు ఆర్పేందుకు మనుషులు దొరకకపోవటానికి ఇదే కారణం. తీరం వెంట తాటాకు ఇళ్లున్న పేటల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ.

బూడిద ఆర్పదు.. దాస్తుంది

నిప్పు రగలాలంటే మండే వస్తువు, వేడి, గాలి మూడూ కావాలి. బూడిద ఈ మూడింటిలో గాలిని మాత్రమే, అదీ కొంతవరకే అడ్డుకుంటుంది. వేడిని బయటకు పోనివ్వదు. అంటే నిప్పుకు బూడిద దుప్పటి వంటిది. వెనుకటి రోజుల్లో ఇల్లాళ్లు రాత్రి వంట ముగిశాక పొయ్యిలో నిప్పును బూడిదతో కప్పి ఉంచేవారు. మరునాడు ఉదయం బూడిద కదిపి, నాలుగు పుల్లలు వేసి ఊదితే మంట లేచేది. అగ్గిపుల్ల ఖర్చు మిగిల్చేందుకు చేసిన ఆ పనినే, నేడు కళ్లం పక్కన తెలియకుండా చేస్తున్నారు. సరుగుడు, తుమ్మ వంటి గట్టి కట్టెల బొగ్గు కప్పి ఉంచితే తెల్లవార్లూ వేడి నిలుస్తుంది.

నిప్పు ఆర్పటానికి నీటికి మించినది లేదు. అయితే ఒక చెంబు చిలకరించి పోతే సరిపోదు. ముందు కాలని కట్టెలను విడదీయాలి. గాలి వచ్చే వైపు నిలబడి, కాస్త దూరం నుంచి నెమ్మదిగా నీరు పోయాలి. ఒక్కసారి కుమ్మరిస్తే వేడి ఆవిరి, బూడిద ముఖం మీదకు ఎగదన్నుతాయి. తరువాత కర్రతో అడుగుదాకా కలియబెట్టి మళ్లీ నీరు పోయాలి. సుయ్యిమనే చప్పుడు, ఆవిరి పూర్తిగా ఆగేవరకు ఇలాగే చేయాలి. చివరగా అరచేతి వెనుకవైపును బూడిదకు బెత్తెడు ఎత్తున ఉంచి చూడాలి. వెచ్చదనం తగిలితే ఆరనట్టే. సాధారణ వంటపొయ్యికి రెండు మూడు బిందెల నీరు పట్టవచ్చు. ఆ నీరు ముందే తెచ్చిపెట్టుకోని చోట నిప్పు వెలిగించకపోవటమే మేలు.

నీటికి బదులు ఇసుక కప్పి పోవటం సముద్రతీరంలో బాగా అలవాటు. సూర్యలంక వంటి తీరాలకు వచ్చే వనభోజనాల బృందాలు వంట ముగిశాక కాలితో ఇసుక తోసి వెళ్తుంటాయి. పైకి చూస్తే పొయ్యి ఉన్న ఆనవాలే ఉండదు. ఇసుక కూడా బూడిదలాగే వేడిని పట్టి ఉంచుతుంది. గంటలు గడిచినా కింద బొగ్గులు చల్లబడవు, వాటి చుట్టూ ఉన్న ఇసుక సైతం పాదం కాల్చేంత వేడెక్కుతుంది. చెప్పులు లేకుండా అలల వైపు పరుగెత్తే పసిపిల్లలకు అది గుంటలో దాచిన పెనం. పెద్దవారు కాలు మోపగానే వెనక్కు తీసుకుంటారు. రెండు మూడేళ్ల పిల్లలు భయంతో అక్కడే నిలబడిపోతారు. అందుకే వారికి కాలిన గాయం లోతుగా అవుతుంది. సముద్రం పక్కనే ఉండి రెండు బిందెల నీరు పోయటానికి బద్ధకించటం క్షమించరానిది.

ఉసిరి నీడన విస్తరి.. పొయ్యి మాత్రం దూరాన

ఉసిరిచెట్టు నీడన విస్తరి వేయాలన్నది ఆచారం. పొయ్యి కూడా ఆ చెట్టు కిందే పెట్టాలని ఎవరూ చెప్పలేదు. కొమ్మల కింద వంట చేస్తే చెట్టు మాడుతుంది, రాలిన ఆకు అంటుకుంటుంది. వంట పందిరి, చెట్లు, వాహనాలు లేని ఖాళీ చోట పొయ్యి పెట్టి, చుట్టూ నాలుగైదు అడుగుల మేర ఆకులు, గడ్డి చెక్కి మట్టి బయటపడేలా చేయాలి. ద్విచక్ర వాహనాలను పొయ్యి దగ్గరే నిలపటం సర్వసాధారణంగా కనిపించే పొరపాటు. ట్యాంకులో పెట్రోలు ఉన్నదన్న సంగతి ఆ సందడిలో ఎవరికీ గుర్తుండదు.

బాపట్ల, చీరాల ప్రాంతాల్లో తీరం వెంట సరుగుడు తోటలు వనభోజనాలకు అనువుగా కనిపిస్తాయి. నీడ ఉంటుంది, గాలి ఉంటుంది. అయితే నేలంతా సూదుల్లాంటి ఎండుటాకు దట్టంగా పరుచుకుని ఉంటుంది. ఈ ఆకు మంట లేకుండానే లోలోపల రాజుకుంటూ పోగలదు. పైన పొగ కూడా పెద్దగా లేకుండా నిప్పు పొయ్యి నుంచి బారల దూరం జరిగి మరోచోట లేస్తుంది. తోటలో పొయ్యి పెట్టకుండా, బయట ఇసుకదిబ్బ మీద వండుకుని భోజనానికి మాత్రం నీడకు రావటం ఉత్తమం. రిజర్వు అటవీ ప్రాంతాల్లోనైతే అనుమతి లేకుండా నిప్పు రగల్చటమే నేరం.

వంద మందికి వండే గుండిగలను మూడు రాళ్ల మీద నిలపటం మరో సమస్య. వేడికి కొన్ని రాళ్లు పగులుతాయి, తడిసిన రాయి అయితే పేలినట్టుగా చిట్లుతుంది. సాంబారు గుండిగ ఒరిగి జరిగే ప్రమాదం మంట వల్ల జరిగే దానికేమీ తీసిపోదు. ఇటుకలను మట్టిలో పాతి, ఖాళీ గుండిగ పెట్టి కదిపి చూసి, ఆ తరువాతే నీరు పోయాలి. పిల్లలు ఆడుకునే చోటుకు, పొయ్యికి మధ్య తాడు కట్టి ఒక పెద్దమనిషిని కూర్చోబెడితే చాలు. వయసు మళ్లి ఆటపాటల్లో పాల్గొనలేని తాతయ్యలకు అంతకుమించిన గౌరవప్రదమైన పని ఉండదు.

కుప్ప కాలితే ఏడాది కాలినట్టే

పశ్చిమ డెల్టా రైతుకు అసలైన భయం కుప్ప దగ్గరే ఉంటుంది. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204 ఈ ప్రాంతంలో నేటికీ ఇష్టమైన రకం. దీని పంటకాలం సుమారు 150 రోజులు. కార్తీక, మార్గశిర మాసాల్లో కోతలు జరుగుతాయి. కోతయంత్రాలు వచ్చాక కుప్ప వేయటం తగ్గింది గానీ పోలేదు. చేలో మినుము చల్లినవారు, పశువులకు మంచి గడ్డి కావాలనుకున్నవారు, యంత్రం దిగని పల్లపు చేలవారు చేత్తో కోయించి, పనలు ఆరాక కుప్ప వేసి, వీలునుబట్టి నూర్చుకుంటారు. కొన్ని కుప్పలు సంక్రాంతి దాకా నిలుస్తాయి.

ఎకరాకు 30 బస్తాల చొప్పున ఐదెకరాల కుప్పలో 150 బస్తాల ధాన్యం ఉంటుందనుకుంటే, బస్తా 75 కిలోల లెక్కన అది 112.5 క్వింటాళ్లు. 2025-26 సీజనుకు ఏ గ్రేడు ధాన్యం కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ.2,389. అంటే ఒక్క కుప్ప విలువ రూ.2.68 లక్షలు దాటుతుంది. గడ్డి దీనికి అదనం. విత్తనం మొదలు కోత కూలి వరకు అయ్యే ఖర్చు అంతా అప్పటికే పెట్టి ఉంటారు. రాబడి మాత్రం ఇంకా చేతికి రాదు. రైతు అప్పులు తారస్థాయిలో ఉండే రోజులవి.

కౌలు రైతు పరిస్థితి మరీ దయనీయం. కుప్ప కాలినా కౌలు బస్తాలు కొలవక తప్పదు. నూర్చిన ధాన్యంలోనుంచి ఇవ్వవలసినవి కొనుక్కుని ఇవ్వవలసి వస్తుంది. పంటల బీమా ఉన్నది కదా అనుకోవటానికీ లేదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నిబంధనల్లో కోత అనంతర నష్టమంటే తుపాను, వడగళ్లు, అకాల వర్షాల వల్ల కోసి ఆరబెట్టిన పంటకు జరిగేదే, అదీ కోసిన 14 రోజుల లోపు. అగ్నిప్రమాదాల్లో పిడుగుపాటు వంటి సహజ కారణాలనే ఆ పథకం గుర్తిస్తుంది. మనిషి చేతి నిప్పుకు కుప్ప బూడిదైతే ఆ పథకం ఆదుకోదు.

ఇంత విలువైన కుప్పను కాపాడుకోవటానికి చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. విద్యుత్ తీగల కింద, ట్రాన్స్‌ఫార్మరు పక్కన కుప్ప వేయకూడదు. గాలికి తీగలు ఒకదానికొకటి తగిలి రాలే రవ్వలు గడ్డిని అంటిస్తాయి. వేలాడే తీగలు ఉంటే కోతలకు ముందే విద్యుత్ సిబ్బందికి చెప్పి సరిచేయించుకోవాలి. ఒకే కళ్లంలో పదిమంది కుప్పలు వేయటం కాపలాకు సౌకర్యమే గానీ, ఒకటి అంటుకుంటే అన్నీ పోతాయి. కుప్పకు కుప్పకు నడుమ కనీసం ట్రాక్టరు తిరిగేంత ఖాళీ, కళ్లం దాకా ఫైరింజను రాగలిగే బాట ఉండేలా ఊరంతా కలిసి ముందే అనుకోవాలి. వాములను ఇళ్లకు, గొడ్లచావిళ్లకు ఆనించి వేయటం అలవాటుగా వస్తున్నదే అయినా, వదులుకోదగిన అలవాటు.

కాపలా ఉండేవారు చలికి నెగడు వేసుకోకుండా ఉండలేరు. వద్దని చెప్పి ప్రయోజనం లేదు. ఎక్కడ, ఎలా వేసుకోవాలో చెప్పటమే ఉపయోగకరం. గాలి కుప్ప మీదుగా వచ్చి నెగడును తాకేలా, అంటే రవ్వలు కుప్పకు ఎదురుదిశలో పోయేలా చూసుకుని, వీలైనంత దూరంలో మోకాటి లోతు గుంట తవ్వి అందులో మంట వేయాలి. పక్కన నిండు బిందె, తడి గోనెసంచి ఉండాలి. నిద్ర వస్తే ముందు నెగడును ఆర్పి ఆ తరువాతే పడుకోవాలి. చుట్ట, బీడీ పీకను గట్టు మీద విసరటం మరో పాత జబ్బు. పీకను తడిమట్టిలో గుచ్చటానికి పట్టే సమయం ఒక్క క్షణం.

గడ్డి లోడుతో వెళ్లే ట్రాక్టర్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. లోడు ఎత్తు పెంచేకొద్దీ ఊరి మధ్య తీగలకు తగులుతుంది. వెనుక మంట లేచినా ముందున్న డ్రైవరుకు వెంటనే తెలియదు. కదులుతున్న బండి మీద గాలికి మంట పెరుగుతుంది. ఒక మనిషి వెనుకే ద్విచక్ర వాహనంపై వస్తూ తీగలు ఉన్న చోట నిదానించమని కేక వేయటం చాలా ఊళ్లలో ఉన్న మంచి పద్ధతి.

ఎవరూ అంటించకుండానే అంటుకునే వాము

వాము తగలబడితే ఊళ్లో ముందుగా వెతికేది కారణాన్ని కాదు, శత్రువును. గట్టు తగాదాలు, పాత కక్షలు గుర్తుకు వస్తాయి. పోలీసుస్టేషను దాకా వెళ్లిన సందర్భాలూ ఉంటాయి. కావాలని నిప్పుపెట్టేవారు లేరని కాదు. అయితే తడి ఆరకముందే వేసిన గడ్డి దానంతట అదే వేడెక్కుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. తడిగడ్డిలో సూక్ష్మజీవులు పెరిగి వేడిని పుట్టిస్తాయి. వాము మధ్యలో పుట్టిన వేడి బయటకు పోయే దారి ఉండదు. వేడి 70 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరాక సూక్ష్మజీవులు చనిపోయినా రసాయన చర్యలు ఆ వేడిని ఇంకా పెంచుతాయి. రోజులు, ఒక్కొక్కసారి వారాలు గడిచాక పొగ కనిపిస్తుంది.

తుపాను వానలకు తడిసిన గడ్డిని హడావిడిగా వాము వేసినవారు దీన్ని గమనించాలి. ఉదయం వేళ వాము పైనుంచి ఆవిరి లేవటం, మాగిన పులుపు వాసన లేదా మాడు వాసన రావటం గుర్తులు. పొడవైన ఇనుప చువ్వను వాము మధ్యకు గుచ్చి పావుగంట తరువాత తీసి పట్టుకుని చూస్తే తెలుస్తుంది. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే వాము లోపల రాజుకుంటున్నదని అర్థం. అప్పుడు కంగారుగా వామును విప్పకూడదు. లోపలికి గాలి చొరబడి ఒక్కసారిగా మంట లేస్తుంది. వాము మీదకు ఎక్కకూడదు, లోపల కాలి బోలుగా ఉంటే మనిషి కూరుకుపోతాడు. నీటి ఏర్పాటు చేసుకుని, అగ్నిమాపక సిబ్బంది వచ్చాకే విప్పాలి.

కోతయంత్రం వదిలిన గడ్డిని, కొయ్యకాళ్లను చేలోనే తగలబెట్టేవారూ ఉన్నారు. పక్క చేలో కుప్ప ఉండగా ఈ పని చేయటం దుస్సాహసం. టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ నష్టపోతామని వ్యవసాయ శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. రైతు డబ్బు పెట్టి కొనే ఎరువు అది. జిల్లా మీదుగా సాగే కత్తిపూడి - ఒంగోలు 216 జాతీయ రహదారి పక్క చేలల్లో పొగ పెడితే వాహన చోదకులకు దారి కనపడక ప్రాణాల మీదకు వస్తుంది. నిర్లక్ష్యంగా నిప్పు పెట్టి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ పడవచ్చు.

జ్వాలాతోరణం గడ్డి

కార్తీక పౌర్ణమి రాత్రి శివాలయాల ముందు రెండు స్తంభాలు నాటి, అడ్డకర్రకు ఎండుగడ్డి చుట్టి, నెయ్యి పోసి వెలిగిస్తారు. స్వామి పల్లకీ దాని కింద నుంచి సాగుతుంది, భక్తులూ దాటుతారు. తోరణంలో కాలగా మిగిలిన గడ్డిని ఇంటి చూరులో, గడ్డివాములో, ధాన్యం నిల్వచేసే చోట ఉంచితే మేలు జరుగుతుందని నమ్మకం. నమ్మకాన్ని కాదనవలసిన పని లేదు. ఆ గడ్డి కణుపుల్లో నిప్పు దాగి ఉన్నదేమో చూడవలసిన పని మాత్రం తప్పక ఉన్నది. మంట నుంచి తీసిన గడ్డిని నేరుగా చూరులో దోపటం కన్నా ఆత్మహత్యా సదృశమైన పని లేదు. నీటిలో ముంచి తీసి, ఆ రాత్రి ఇంటి బయటే ఉంచి, మరునాడు వాములో పెట్టుకుంటే ఆచారమూ నిలుస్తుంది, వామూ నిలుస్తుంది. తోరణం దాటేటప్పుడు తోపులాట లేకుండా వరుసలు కట్టించి, ఇరువైపులా నీటి డ్రమ్ములు ఉంచే బాధ్యత నిర్వాహకులది.

దీపాల వద్ద స్త్రీలకు జరిగే ప్రమాదాలు వేరు. 365 వత్తులను ఒకేసారి వెలిగిస్తే లేచేది దీపం కాదు, చిన్నపాటి మంట. పక్కపక్కనే కూర్చుని వెలిగించేటప్పుడు ముందున్న దీపం మీదే చూపు ఉంటుంది, వెనుక ఉన్న దీపానికి పమిట చెంగు తగులుతుంది. సింథటిక్ చీర కాలేటప్పుడు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలుచీర కట్టి, చెంగు నడుముకు దోపి, జడ ముడివేసుకుని కూర్చోవటం పాతతరం వారికి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

చలిమంటలో పెట్రోలు.. గదిలో కుంపటి

మంచుకు తడిసిన పుల్లలు అంటుకోవటం లేదని చలిమంటలో పెట్రోలు పోసే దుర్మార్గపు అలవాటు యువకుల్లో పెరుగుతున్నది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. కంటికి కనిపించకుండా నేలబారున పాకుతుంది. అగ్గిపుల్ల గీసేసరికి పోసినవారి కాళ్ల దాకా చేరి ఉంటుంది. ఆరిందనుకున్న మంట మీద పోస్తే చేతిలోని సీసా దాకా మంట వెనక్కు వస్తుంది. పాత టైర్లు, ప్లాస్టిక్ సంచులు మంటలో వేయటం వల్ల వెలువడే విషపు పొగను చుట్టూ కూర్చున్నవారే పీలుస్తారు. ఎండు కొబ్బరిమట్ట, తాటిమట్ట, నాలుగు పిడకలు ముందురోజు సాయంత్రమే చూరు కింద పెట్టుకుంటే ఈ అవసరమే రాదు.

చలి ఎక్కువగా ఉండే లంబసింగి, చింతపల్లి, ఆదిలాబాద్ వంటి ప్రాంతాలకు విహారయాత్రలకు వెళ్లేవారు మరొక సంగతి తెలుసుకోవాలి. ఆరుబయట మంట తగ్గాక మిగిలిన బొగ్గులను కుంపటిలో ఎత్తి గదిలోకో, గుడారంలోకో తీసుకెళ్లి తలుపులు బిగించుకోవటం ప్రాణాంతకం. పొగ లేదు గనుక ప్రమాదం లేదనుకుంటారు. కాలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్‌కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. తలనొప్పి, వికారం, మగతతో మొదలై, నిద్రలో ఉన్నవారు నిద్రలోనే పోతారు. ఆరుబయటి నిప్పు ఆరుబయటే ఉండాలి.

ఒంటికి అంటుకుంటే

బట్టలకు మంట అంటుకున్నవారు పరుగెత్తకూడదు. పరుగు గాలిని ఇచ్చి మంటను పెంచుతుంది. వెంటనే నేలమీద పడి, ముఖాన్ని చేతులతో కప్పుకుని దొర్లాలి. చూసినవారు నూలు దుప్పటో, గోనెపట్టో కప్పి ఆర్పాలి. కాలిన చోట వెంటనే చల్లని మామూలు నీటిని ధారగా 20 నిమిషాలు పోయాలి. కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా ఎంతోకొంత ఉపయోగమే. ఐసుగడ్డలు పెట్టకూడదు. సిరా, టూత్‌పేస్టు, పసుపు, పేడ, కోడిగుడ్డు సొన వంటివి పూయటం వల్ల గాయం చెడటమే గాక, దాని లోతు ఎంతో వైద్యునికి తెలియకుండా పోతుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు, మొలతాడు తీసేయాలి. చర్మానికి అతుక్కున్న బట్టను లాగకూడదు. బొబ్బలు చిదమకూడదు. శుభ్రమైన తెల్లని గుడ్డ వదులుగా కప్పి, మిగిలిన ఒళ్లు చల్లబడకుండా దుప్పటి చుట్టి, 108 వాహనంలో ఆసుపత్రికి తరలించాలి. ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు కాలినా, పసిపిల్లలకు, వృద్ధులకు ఏ కొద్ది భాగం కాలినా తప్పనిసరిగా వైద్యునికి చూపించాలి.

101కి ఏం చెప్పాలి

కుప్పకో, వాముకో నిప్పు అంటుకుంటే ఎవరో ఒకరు ఫోను చేసి ఉంటారని అందరూ అనుకోవటం, చివరకు ఎవరూ చేయకపోవటం జరుగుతుంటుంది. మంట చిన్నదిగా ఉన్నప్పుడే 101కి గానీ 112కి గానీ చెప్పాలి. ముందుగానే ఆరిపోతే ఫైరింజనును వెనక్కు పంపవచ్చు. ఊరిపేరు ఒక్కటే చెబితే సరిపోదు. మండలం, ఊరిలో ఏ దిక్కు, ఏ కాలువ గట్టు, ఏ డొంక, ఎక్కడిదాకా పెద్ద బండి వస్తుందో చెప్పాలి. సాధారణంగా ఒక ఫైరింజను తెచ్చేది 4,500 లీటర్ల నీరు. పెద్ద కుప్పకు అది నిమిషాల్లో అయిపోతుంది. దగ్గరలో నీరున్న కాలువ, చెరువు, బోరు ఎక్కడున్నాయో చెబితే సిబ్బంది తగిన ఏర్పాట్లతో వస్తారు.

ఫైరింజను వచ్చేలోగా, పూర్తిగా అంటుకున్న కుప్పను ఆర్పే ప్రయత్నంలో సమయం పోగొట్టుకోకుండా పక్క కుప్పలను కాపాడటం మంచిది. వాటిపై తడి గోనెసంచులు, తడిపిన బరకాలు కప్పి, ఆయిలింజను ఉంటే కాలువ నీటిని వాటిమీదకు మళ్లించాలి. పొడి బరకం కప్పితే అదే ముందుగా అంటుకుంటుంది. నేలమీద పాకే మంటను తడి గోనెలతో, పచ్చికొమ్మలతో గాలి వచ్చే వైపు నిలబడి కొట్టాలి. మంటకు ఎదురుగా వెళ్లకూడదు. విద్యుత్ తీగ తెగి పడిన చోట సరఫరా ఆపించేదాకా నీరు చల్లకూడదు. పశువుల పలుపులు విప్పి చేలవైపు తోలాలి. వయసులో ఉన్నవారిలో ఒకరిని మాత్రం మంట దగ్గర ఉంచకుండా ప్రధాన రహదారి మీద డొంక మొగలో టార్చిలైటుతో నిలబెట్టాలి. రాత్రివేళ పొరుగూరి నుంచి వచ్చే డ్రైవరుకు ఏ డొంకలో తిరగాలో చూపించవలసినది ఆ మనిషే.